సాయంత్రం వాలీబాల్: గెలిచిన జట్టు కోర్టులోనే ఉండాలా, దిగిపోవాలా?

గట్టుమీద కుర్రోడు:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. హైస్కూలు గ్రౌండులో రోజూ సాయంత్రం అయిదింటికి వాలీబాల్. పాతిక మంది దాకా వస్తాం, కోర్టులో చోటు పన్నెండుగురికే. గెలిచిన జట్టు ఉంటుంది, ఓడినవాళ్లు దిగాలి, ఇదీ మా రూలు. ఇప్పుడు బాగా ఆడే ఆరుగురూ ఒకే జట్టు కట్టేశారండి. చీకటి పడేదాకా దిగరు. మిగతావాళ్లం వంతు రాగానే ఒక గేమ్ ఆడడం, ఓడడం, మళ్లీ గట్టెక్కి కూర్చోవడం. బంతి కాలువలో పడితే మాత్రం దూకాల్సింది మేమే. వంతులు పెడదామంటే "దమ్ముంటే గెలిచి ఉండండి" అంటున్నారు. మీ ఊళ్లో ఎలా?

రాజోలు స్మాషర్:
అందులో తప్పేముందండి? గెలిచినవాణ్ని కూడా దింపేస్తే ఇక కసి ఎక్కడిది? సంక్రాంతికి పక్క ఊళ్లతో టోర్నమెంటు ఆడాలి. ఆరుగురూ ఒకరి ఆట ఒకరికి అలవాటు పడితేనే, లిఫ్టు, అంటే కొట్టడానికి లిఫ్టర్ ఎత్తి అందించే బంతి, ఎంత ఎత్తు లేస్తుందో ముందే పసిగట్టి స్మాషర్ ఎగురుతాడు. రోజుకో జట్టుతో అది కుదరదు. ఓడిపోయినవాళ్ల ఏడుపు విని రూలు మారుస్తామా?

డ్రిల్లు మాస్టారు:
స్మాషర్ గారూ, టోర్నమెంటు ప్రాక్టీసు వేరు, ఊరందరి ఆట వేరు. రెండూ ఒకే గంటలో కుక్కేసి తగువు తెచ్చుకుంటున్నారు. ప్రాక్టీసు తెల్లారగట్ల పెట్టుకోండి, ఎవరు కాదంటారు?

అసలు 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ ఈ ఆట మొదలుపెట్టిందే బాస్కెట్‌బాల్ పరుగులు పడని పెద్ద వయసువాళ్ల కోసం. జట్టుకు ఇంతమందే ఉండాలని అప్పట్లో లెక్క లేదు. ఆరుగురి నియమం తర్వాత వచ్చింది. ఆసియాలో తొమ్మిదిమంది ఆట చాన్నాళ్లు నడిచింది. 1958 టోక్యో ఆసియా క్రీడల్లో ఆరుగురి ఆట, తొమ్మిదిమంది ఆట రెండూ పెట్టారు. మీరూ తొమ్మిదేసి మందిని దింపండి, గట్టు సగం ఖాళీ అవుతుంది.

జట్లు మాత్రం కెప్టెన్లు ఏరుకోకూడదు. ఉజ్జీలు కట్టించండి. సమానంగా ఆడే ఇద్దరిద్దరు పక్కకెళ్లి, ఒకడు మామిడికాయ, ఒకడు జామకాయ అని గుట్టుగా పేర్లు పెట్టుకొస్తారు. కెప్టెన్ ఏ కాయ కోరితే ఆ మనిషి అతని జట్టు. ఇక ఒకేవైపు అందరూ మొనగాళ్లు చేరే వీలే లేదు. దానికి తోడు, వరసగా రెండు గేమ్‌లు గెలిచిన జట్టు దిగిపోవాలి.

రాజోలు స్మాషర్:
తొమ్మిది మీటర్ల చదరంలో తొమ్మిదిమందా? "నాది, నాది" అని ముగ్గురు ఒకే బంతి మీదికెళ్లి తలలు పగలగొట్టుకుంటారు మాస్టారూ! ఉజ్జీలంటే సరే, బాగానే ఉంది. కానీ లిఫ్టర్‌కి ఉజ్జీని ఎక్కణ్నుంచి తెస్తారు? ఊరికి మంచి లిఫ్టర్ ఒక్కడుంటే గొప్ప.

డ్రిల్లు మాస్టారు:
అతన్ని ఉజ్జీల్లో కలపకండి. ప్రతి గేమ్‌లోనూ పోటీకి కొత్తగా దిగే జట్టుకి ఇవ్వండి. గెలిచి ఉన్నవాళ్లు లిఫ్టర్ లేకుండా నిలబడి చూపించాలి. మీరన్న దమ్ము అప్పుడు తెలుస్తుంది.

పాలకొల్లు అమ్మ:
మగపిల్లల వంతుల గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మాయి కాలేజీ జట్టులో ఆడింది. సెలవులకొచ్చి గ్రౌండుకెళ్తే "బంతులందించమ్మా" అన్నారట. కాలువలోంచి తీసిన బంతి లంగావోణీకి తుడిచి ఇచ్చి వచ్చేసింది. మగవాళ్ల నెట్టు 2.43 మీటర్లు, ఆడవాళ్లది 2.24. తేడా 19 సెంటీమీటర్లు. కొబ్బరిచెట్లకి కట్టిన తాడే కదండీ, ఒక గంట దించితే ఏం పోయింది?

రాజోలు స్మాషర్:
దించక్కర్లేదండి, మా ఊళ్లో ఇద్దరమ్మాయిలు మా నెట్టు మీదే ఆడతారు. వెనక లైన్లో వాళ్లు ఎత్తే బంతులు మావాళ్లెవరూ ఎత్తలేరు.

పాలకొల్లు అమ్మ:
వెనక లైన్లోనే ఎందుకుంటున్నారో కూడా ఆలోచించండి మరి.

గట్టుమీద కుర్రోడు:
నిన్న అడిగి చూశాను. తొమ్మిదిమంది ఆటకి ససేమిరా అన్నారు. ఉజ్జీలకీ, రెండు గేమ్‌ల రూలుకీ, లిఫ్టర్‌ని కొత్తగా దిగే జట్టుకి ఇవ్వడానికీ ఒప్పుకున్నారు. ఆరుగురూ మూడు ఉజ్జీలై అటు ముగ్గురు, ఇటు ముగ్గురు విడిపోయేసరికి గేమ్ 24-24 దాకా వెళ్లింది. తడిసిన బంతి ముంజేతుల మీద చుర్రుమంటున్నా ఎవరూ ఆపలేదు. నెట్టు సంగతి ఆదివారం అడుగుతానమ్మా. ఒక్క చిక్కు మిగిలింది. ఓడినవాళ్లు సోడాలు ఇప్పించడం మాకు ఆనవాయితీ. రెండు జట్లకీ ఆడే లిఫ్టర్ దగ్గర డబ్బులు తీసుకోవాలా?

రాజోలు స్మాషర్:
లిఫ్టర్ దగ్గర డబ్బులా! మా ఊళ్లో మొదటి సోడా అతనికి కొట్టాకే మిగతావాళ్లకి.