అప్‌డేట్: కరీబా టైగర్ ఫిష్ ఇప్పుడు గాలానికి ఆగుతోంది

ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వేల మధ్య ఉన్న కరీబా సరస్సులో టైగర్ ఫిష్ (పదునైన పళ్లున్న వేట చేప) ఎర పట్టి, గాల్లోకి ఎగిరి, గాలం విదిల్చుకుని పోతోంది, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఇప్పుడు చాలావరకు పడవ దాకా వస్తున్నాయి.

అసలు తేడా తెచ్చింది గాలం పదునే. ఈ చేప నోరంతా గట్టి ఎముక. మొద్దు మొన దిగదు, ఊరికే ఆనుకుని ఉంటుంది. మొనను గోటి మీద పెట్టి లాగితే జారకూడదు. జారిందంటే ఆకురాయి పట్టాల్సిందే. లూర్‌కున్న (నకిలీ ఎర) ట్రెబుల్ హుక్కులు, అంటే మూడు మొనల గాలాలు, పీకేసి వెనక ఒక్క 4/0 సైజు సింగిల్ హుక్ (ఒకే మొన గాలం) వేశాను. మూడు మొనలకు చీలిపోయే బలం ఒక్కదాని మీదే పడుతుంది.

వైర్ ట్రేస్ (లైన్‌కీ గాలానికీ మధ్య కట్టే తీగ) 30 పౌండ్ల బలానిది, 30 సెంటీమీటర్ల పొడుగు. మరీ పొట్టిదైతే పళ్లు లైన్‌నే కోస్తాయి. ఒక్క మెలిక పడినా మార్చేయండి, తెగేది అక్కడే.

కపెంటా (అక్కడి చిన్న చేప) ఎరకైతే నాలుగైదు చేపల్ని కళ్లలోంచి గుచ్చాలి. టకటక కొరికేటప్పుడు లాగొద్దు, లైన్ పరుగెత్తాక లాగాలి. ఎగరబోతుంటే రాడ్ కొనను నీళ్లకు దించి, లైన్ బిగువు తగ్గకుండా చుట్టాలి. డ్రాగ్ (రీల్‌లో లైన్ జారకుండా పట్టే బ్రేక్) వదులు చేయమన్న సలహా మాత్రం నాకు కుదరలేదు.

గాలం తీయడానికి పొడుగు ముక్కు పట్టకారే, వేళ్లు కాదు.