అప్‌డేట్: రీసెర్చ్ పేపర్ లేకుండా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చా అని అడిగింది నేనే

నల్గొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను, సీఎస్ఐఆర్ జేఆర్‌ఎఫ్ (పరీక్ష రాసి తెచ్చుకునే రీసెర్చ్ ఫెలోషిప్) ఉంది, పబ్లికేషన్ మాత్రం ఒక్కటీ లేదు, అప్లికేషన్ ఫీజు దండగేనా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే అప్లికేషన్ పెట్టేశాను. ఐఐటీ హైదరాబాద్ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది.

ఐఐటీ క్యాంపస్ ఉన్న కంది చేరేదాకా పేపర్ల టెన్షనే. వాళ్లు ఆ మాటే ఎత్తలేదు! ప్రాజెక్టులోని ఒక్క యూవీ స్పెక్ట్రమ్ (శాంపిల్ ఏ కాంతిని ఎంత పీల్చుకుందో చూపే గ్రాఫ్) పట్టుకుని, సాల్వెంట్ మారిస్తే పీక్ ఎందుకు పక్కకు జరిగింది, బేస్‌లైన్ ఎలా తీశావ్ అని తవ్వుతూనే ఉన్నారు. సొంతంగా చేసిన పని కాబట్టి నోరు పెగిలింది. తర్వాత బోర్డు మీద కైనెటిక్స్ (రియాక్షన్ల వేగం) ప్రశ్నలు. ఒకటి రాలేదు. తెలియదు సార్ అంటే కోప్పడలేదు, వేరేది అడిగారు.

సీటు వచ్చింది.

"ఇంకెన్నేండ్లు చదువుతవ్ బిడ్డా" అని నాన్న. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన పనితీరు చూసి 42,000 అని చెప్పాక బత్తాయి తోట అప్పు లెక్క తీశారు. (అది వేరే టెన్షన్.)

రెకమండేషన్ లెటర్ కోసం తిరుగుతున్నవాళ్లకు ఒక మాట: సార్‌కు మార్కుల మెమో, ప్రాజెక్టు సారాంశం, చివరి తేదీ ఒకే మెయిల్‌లో పంపండి. నేను అలా పంపాకే నా లెటర్ కదిలింది.