ముందు పెన్‌డ్రైవ్ తెరిచి చూడు, ఈ-రీడర్ తర్వాత కొందువు

ప్రొద్దుటూరు అబ్బాయి:
అన్నలకు, అక్కలకు నమస్తే. కెనడాలోని బ్రాంప్టన్ వచ్చి నెలన్నర అయింది. సూట్‌కేసులో ఊరగాయలకు, కారంపొడికే బరువు సరిపోయింది, పుస్తకాలు తేలేకపోయినా. మా నాయన పెన్‌డ్రైవ్ నిండా తెలుగు పుస్తకాలు వేసిచ్చినాడు. ఫోన్లో చదువుతుంటే అరగంటకే కళ్లు మంట. పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ కొందామనుకుంటున్నా, కిండిల్ తీసుకోవాలా, కోబోనా?

కడప, ఇప్పుడు మిస్సిసాగా:
తమ్ముడూ, కంపెనీ సంగతి తర్వాత, ముందు ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి ఎలాంటి ఫైళ్లో చూడు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీ నుంచి దించిన పాత పుస్తకాలైతే అవి స్కాన్ పీడీఎఫ్‌లు, అంటే ప్రతి పేజీ ఒక ఫొటో, ఒట్టి అక్షరాలను పెద్దవి చేద్దామంటే కుదరదు, పేజీ మొత్తం జూమ్ చేసి అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. నేను ఇదంతా తెలియక ఆరంగుళాల రీడర్ కొని బ్రౌన్ దొర నిఘంటువు స్కాన్ అందులో వేసుకున్నా. కడపలో ఆయన పేరు మీదున్న లైబ్రరీలో కూర్చుని చదివినవాణ్ణి కదా, ఇక్కడికొచ్చినా ఆ సోకు పోలేదు. పేజీ సగానికి కుంచించుకుపోయి వత్తులు చీమ తలకాయల్లా కనిపించాయి. వారం తిరక్కుండా డ్రాయర్‌లోకి పోయింది.

ఇంకో రకం పీడీఎఫ్ మరీ మోసం. అక్షరాలు నిగనిగలాడుతుంటాయి, కానీ అను అనే పాత అచ్చు ఫాంట్లలో డీటీపీ చేసినవి. అన్ని పరికరాలూ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలు కావు కాబట్టి కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి ఈపబ్‌గా, అంటే తెరకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఫైలుగా మారుద్దామంటే తెలుగు పోయి పిచ్చి గుర్తులు వస్తాయి.

హాయిగా ఉండేది యూనికోడ్ ఈపబ్. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైటు నుంచి అలాంటివి దించుకోవచ్చు. అక్షరం సైజు మన ఇష్టం, వరుసల మధ్య ఖాళీ మాత్రం కొంచెం పెంచే పెట్టుకో, మనకు పైన గుడి, కింద వత్తు రెండూ ఉంటాయి, ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీ మనకు ఇరుకు.

కిండిల్‌లో ఈపబ్‌ను కేబుల్‌తో నేరుగా వేస్తే తెరుచుకోదు, అమెజాన్ వాళ్ల సెండ్ టు కిండిల్ సేవతో పంపితే మార్చి ఇస్తుంది. కోబో నేరుగానే చదువుతుంది. పైగా ఇక్కడి పబ్లిక్ లైబ్రరీ ఈ-పుస్తకాలు కోబోలోకి అరువు వస్తాయి, కిండిల్‌కు ఆ వసతి అమెరికాలోనే. తెలుగు విరిగిపోయి కనిపిస్తే కోఆర్‌రీడర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేసి ఒక తెలుగు ఫాంట్ చేరిస్తే వత్తులు వాటి చోట్లో కూర్చుంటాయి. స్కాన్ల చుట్టూ ఉన్న తెల్ల మార్జిన్లు కూడా కత్తిరిస్తుంది.

అనంతపురం అక్క:
పిల్లోడు కళ్ల మంట అన్నాడు, దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదే నువ్వు! ఈ రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర కాగితంలాగా బయటి వెలుతురుతోనే కనిపిస్తుంది బాబూ, మన ఊరి మిట్టమధ్యాహ్నం ఎండలో అరుగు మీద కూర్చున్నా తేటగా చదవొచ్చు. రాత్రిపూట వేసుకునే లైటు అంచుల నుంచి తెర మీద పడుతుంది, ఫోన్‌లా వెనక నుంచి కళ్లలోకి కొట్టదు. లైటును పసుపు రంగుకు మార్చుకునే మోడలే తీసుకో, డిసెంబర్లో ఇక్కడ ఐదు కాకముందే చీకటి. రంగుల తెరలు కొంచెం మసకగా ఉంటాయి, చదువుకే అయితే నలుపు తెలుపు, 300 పీపీఐది (అంగుళానికి 300 చుక్కలు) చాలు. చలికాలం బస్టాప్‌లో పేజీ నిదానంగా తిరిగితే చెడిపోయిందని టెన్షన్ పడొద్దు, చలికి ఈ-ఇంక్ అంతే.

కడప, ఇప్పుడు మిస్సిసాగా:
అక్క చెప్పింది కరెక్టే. ఈపబ్‌లు ఎక్కువైతే 7 అంగుళాలు చాలు. స్కాన్లే ఎక్కువైతే 10.3 అంగుళాలది కావాలి, జేబుకు గట్టి దెబ్బే.

ప్రొద్దుటూరు అబ్బాయి:
తెరిచి చూసినా అన్నా. మొత్తం 140 ఫైళ్లు. ఈపబ్‌లు 6.

కడప, ఇప్పుడు మిస్సిసాగా:
అయితే ఇప్పుడే ఏదీ కొనొద్దు. ఆదివారం పెన్‌డ్రైవ్ తీసుకుని ఇంటికి రా, నా దగ్గర ఆ డ్రాయర్‌లోదీ, పదంగుళాలదీ రెండూ ఉన్నాయి, నీ పుస్తకాలే వేసి చూసుకుందువు. కారంపొడి ఇంకా మిగిలుంటే కాస్త పట్టుకురా.