కొత్త చైను వేశాక పెడల్ జారుతోంది, కారణం ఏంటి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాది గేర్ల సైకిల్, వెనక 8, ముందు 3. చైను తెగిపోతే కొత్తది కొని నేనే వేసుకున్నాను. మెల్లగా తొక్కినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి బలంగా తొక్కితే మాత్రం టక్‌మని జారి, పెడల్ ఒక్కసారిగా కిందికి దిగిపోతోంది. అదీ అన్ని గేర్లలో కాదు, వెనక మధ్యలో నేను ఎక్కువగా వాడే రెండింటిలోనే. తెగకముందు పాత చైనుతో ఈ బాధ లేదు. గేరు వైరు సరిచేసి చూశాను, మార్పు లేదు. చైను నాసిరకమా? పొడవు తేడా వచ్చిందా?

జవాబు:
ఇది తేలేదాకా దయచేసి లేచి నిలబడి తొక్కకండి. బరువంతా ఒక కాలి మీద ఉన్నప్పుడు పెడల్ జారితే మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. వెనక వాహనాలు వస్తుంటే ఇంకా ప్రమాదం.

మీ ప్రశ్నలో అసలు ఆధారం ‘ఎక్కువగా వాడే రెండింటిలోనే’ అన్న మాట. చైనులో ఎక్కడైనా లింకు బిగుసుకుపోతే ఏ గేరులోనైనా అదే లయలో తగులుతుంది. మీకు అలా లేదు. మీ కొత్త చైను బాగానే ఉంది, వెనక ఆ రెండు పళ్ల చక్రాలు అరిగిపోయాయి.

చైను సాగింది అంటాం కానీ ప్లేట్లు సాగవు. ప్రతి పిన్నూ, అది తిరిగే చోటూ వెంట్రుకవాసి అరుగుతాయి. అలాంటి కీళ్లు వందకు పైగా ఉంటాయి కాబట్టి అన్నీ కలిస్తే తేడా కనిపిస్తుంది. ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అర అంగుళం ఉండాలి. ఆ దూరం పెరిగిన కొద్దీ పళ్లు కూడా దానికి తగ్గట్టే అరుగుతూ పోతాయి. పాత చైనూ పాత పళ్లూ ఒకదానికొకటి అలవాటుపడ్డాయి. కొత్త చైనుకు ఆ అలవాటు లేదు. చైను రోలర్ (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) పళ్ల మధ్య గుంటలో కుదురుగా కూర్చోదు, బలం పడగానే పన్ను మీదికి ఎక్కి అవతలికి దూకుతుంది.

పాత చైను పారేయలేదు కదా? మేకుకు నిలువుగా వేలాడదీసి స్టీలు స్కేలుతో కొలవండి. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి, దాన్ని వదిలేసి 24 పిన్నులు లెక్కపెట్టండి. కొత్త చైనులో ఆ 24వ పిన్ను మధ్యభాగం 12 అంగుళాల గీత మీద, అంటే 304.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ గీతను అంగుళంలో 16వ వంతు దాటితే చైను మార్చే వేళ అయింది. 8వ వంతు, అంటే 308 మిల్లీమీటర్ల దాకా వచ్చిందంటే వెనక పళ్లు కూడా పోయి ఉంటాయి.

అడిగినవారు:
కొలిచాను అండీ. 308 కూడా దాటేసింది. ఆ రెండు చక్రాల పళ్లు పక్కవాటి కంటే సన్నగా, రంపపు పళ్లలా ఒకవైపుకు వాలి ఉన్నాయి. ఆ రెండే మార్చుకోవచ్చా? వెనక పళ్ల చక్రాల సెట్టు క్యాసెట్, ఫ్రీవీల్ అని రెండు రకాలట, నాది ఏదో ఎలా తెలుస్తుంది?

జవాబు:
చక్రం ఊడదీసి పళ్ల వైపు మీకు కనిపించేలా పట్టుకోండి. మధ్యలో పనిముట్టు పట్టే గాడులు ఉంటాయి. పళ్లను వెనక్కి, అంటే టిక్‌టిక్‌మని తిరిగే వైపుకి తిప్పండి. గాడులు కూడా పళ్లతో పాటు తిరిగితే క్యాసెట్. గాడులు కదలకుండా పళ్లు ఒక్కటే తిరిగితే ఫ్రీవీల్. రెండింటికీ విప్పే పనిముట్లు వేరు, ఒకదానితో ఇంకోటి విప్పబోయి గాడులు పాడుచేసుకోవద్దు.

ఆ రెండే విడిగా దొరకడం కష్టం, దొరికినా నేను వద్దనే అంటాను. మొత్తం సెట్టు మార్చండి. అన్నిటికన్నా చిన్న చక్రానికీ పెద్ద చక్రానికీ పళ్ల సంఖ్య పాతదానికి ఎన్ని ఉన్నాయో అన్నే ఉండేలా చూసుకుంటే, చైనును గేరు నుంచి గేరుకు జరిపే డీరైలర్‌తో పేచీ రాదు. ముందు చైన్ వీల్ తొందరపడి మార్చకండి. దానికి పళ్లు ఎక్కువ, బరువు పంచుకుంటుంది, మెల్లగా అరుగుతుంది. వెనకది మార్చాక కూడా జారితే అప్పుడు చూద్దాం.

మరో సభ్యురాలు:
పొడవు గురించి నేనొక మాట చెప్తాను. చాలామంది పాత చైను పక్కన కొత్తది పరిచి, కొస కలిసిన చోట కత్తిరిస్తారు. అరిగిన చైనుతో అలా చేయకూడదు. 114 లింకుల చైను ఒక శాతం సాగిందంటే ఒక లింకు పొడవు కంటే ఎక్కువే పెరిగినట్టు. లింకులు లెక్కపెట్టాలి. తెగినప్పుడు ముక్క ఊడిపోయి ఉంటే ఆ లెక్క కూడా నమ్మలేం. అప్పుడు డీరైలర్ గుండా పోనివ్వకుండా ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం చుట్టూ చైను తిప్పి లాగి పట్టుకోండి. కొసలు కలిసే చోటికి ఇంకో అంగుళం, అంటే ఒక లోపలి లింకూ ఒక బయటి లింకూ కలిపి ఉంచుకోవాలి. పైన ప్రశ్న అడిగిన వారిలా సెట్టు మారుస్తుంటే ఈ పరీక్ష కొత్త సెట్టు ఎక్కించాకే చేయండి.

డీరైలర్‌లో రెండు చిన్న చక్రాల మధ్య చిన్న రేకు నాలుక ఒకటి ఉంటుంది. చైను దానికి తప్పు వైపు నుంచి పోతే గేర్లు మారుతూనే ఉంటాయి, కరకరమని శబ్దం మాత్రం ఆగదు. కలిపే ముందే వంగి చూసుకోండి.

చైను కొసలు కలపడానికి క్విక్ లింకు (రెండు ముక్కలుగా ఉండి ఒకదానిలో ఒకటి బిగుసుకునే బయటి లింకు) మంచిది. వేశాక అది పైవైపు, ముందు వెనక చక్రాల మధ్యకు వచ్చేలా పెడల్ తిప్పి, వెనక బ్రేకు పట్టుకుని పెడల్‌ను గట్టిగా తొక్కితే క్లిక్‌మని కూర్చుంటుంది. 8 గేర్ల చైను లింకు మళ్లీ వాడుకోవచ్చు. 10, 11, 12 గేర్ల వాటిలో చాలావాటిని ఒక్కసారికే అని తయారీదారులే చెప్తారు.

ఇంకొకరి సందేహం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారిది గేర్లు లేని సైకిల్. చైను మాటిమాటికీ పడిపోతోంది. చైను మార్చాలా, బిగిస్తే చాలా?

జవాబు:
ముందు పైన చెప్పినట్టే కొలవండి. గేర్లు లేనిదానికి 8వ వంతు దాకా ఆగొచ్చు. అంతకు లోపే ఉంటే వెనక ఇరుసు నట్లు వదులు చేసి చక్రాన్ని వెనక్కి జరపండి. ముందూ వెనకా మధ్యలో చైనును వేలితో ఎత్తి దించితే సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి. ఒక్కచోట చూసి వదిలేయకండి. చైన్ వీల్ పూర్తి గుండ్రంగా లేకపోతే ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటుంది. పెడల్ మెల్లగా తిప్పుతూ అన్నిటికన్నా బిగుతుగా ఉన్నచోట ఆ ఆట ఉండేలా పెట్టండి. చక్రం ఫ్రేము మధ్యలోనే ఉందో లేదో చూసి నట్లు బిగించాలి. చక్రం జరిగింది కాబట్టి వెనక బ్రేకు కట్టలు రిమ్ము మీద సరిగ్గా పడుతున్నాయో లేదో చూడకుండా నాన్నగారికి సైకిల్ ఇవ్వకండి.

కొత్త చైనే వేయాల్సి వస్తే వెడల్పు చూసుకోండి. గేర్లు లేని సైకిళ్లకు ఎక్కువగా అంగుళంలో 8వ వంతు వెడల్పున్న చైను పడుతుంది, గేర్లవాటికి అంతకంటే సన్నది. క్లిప్పుతో కలిపే రకమైతే క్లిప్పు మూసిన కొస చైను ముందుకు కదిలే వైపు ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది.

అడిగినవారు:
కొత్త సెట్టు ఎక్కించి, పొడవు చూసి కత్తిరించాను. ఎత్తు మీద కూడా జారడం లేదు. చాలా థాంక్స్ అండీ. కొత్త చైనును కిరోసిన్‌లో కడిగి నూనె వేయమని ఒకాయన చెప్పారు. చేయమంటారా?

జవాబు:
వద్దు. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు పిన్నుల లోపలిదాకా ఉంటుంది, కిరోసిన్‌లో నానబెడితే అదంతా పోతుంది. పైన జిడ్డుగా అనిపిస్తే పొడి గుడ్డతో తుడవండి, చాలు. శబ్దం మొదలయ్యాక ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క నూనె వేసి, కాసేపు పెడల్ తిప్పి, పైపైన ఉన్నది తుడిచేయండి. నూనె పని చేసేది లోపల. పైన మిగిలింది దుమ్మును పట్టుకుని ఇసుక ముద్దగా మారి పిన్నుల్ని అరగదీస్తుంది.

8 గేర్ల క్విక్ లింకు ఒకటి, చిన్న చైన్ కట్టర్ ఒకటి బ్యాగులో పడేసుకోండి. దారిలో బయటి ప్లేటు విరిగితే ఆ బయటి లింకు తీసేసి దాని చోట క్విక్ లింకు వేస్తే పొడవు కూడా తగ్గదు. విరిగింది లోపలి లింకైతే దాని రెండు పక్కల బయటి లింకులతో సహా తీసేసి, ఆ చోట క్విక్ లింకు వేయాలి. అప్పుడు చైను ఒక అంగుళం పొట్టిదవుతుంది. ఇంటికి చేరేదాకా ముందు పెద్దది, వెనక పెద్దది కలిపి వేయకండి, డీరైలర్ విరుగుతుంది.