హాల్లోకి మార్చిన ఫైకస్ ఆకులన్నీ రాల్చేస్తోంది, బతుకుతుందా?

మియాపూర్ బాల్కనీ:
అందరికీ నమస్తే. సంక్రాంతికి నర్సరీ నుంచి ఫైకస్ బెంజమినా తెచ్చుకున్నాను, మూడడుగులుంటుంది, మూడు కాండాలు జడల్లినట్టు అల్లి పైన గుండ్రంగా కత్తిరించి అమ్ముతారు కదా అది. 12 అంగుళాల కుండీలో వేశా. తూర్పు బాల్కనీలో మూడు నెలలు నిగనిగలాడుతూ ఉంది. ఏప్రిల్ ఎండలు చూసి భయమేసి హాల్లో ఏసీ కింద మూలకి తెచ్చి పెట్టా, వారం తిరక్కుండా ఆకులు పసుపయ్యి రాలడం మొదలైంది, పొద్దున్నే ఊడిస్తే చేటెడు వస్తున్నాయి. నీళ్ళు చాలట్లేదేమోనని పూటకో మగ్గు పోస్తున్నా, మొన్న వర్మీకంపోస్ట్ కూడా వేశా, ఇంకా ఎక్కువైంది. సగం కొమ్మలు బోడిగా ఉన్నాయి. మా పాప స్కూల్ నుంచి రాగానే దాని దగ్గరికెళ్ళి దిగులుగా నిలబడుతోంది. మళ్ళీ బయట పెట్టేయనా?

కడియపులంక:
కంగారు పడకండి. నర్సరీ పనిలోనే ఉన్నాం కాబట్టి చెప్తున్నా, ఫైకస్‌కి చోటు మారిస్తే అలక. బయట ఎండకి అలవాటు పడిన ఆకు లోపలి నీడలో పనికిరాదు, అందుకే వాటిని రాల్చేసి ఆ వెలుతురుకి తగ్గ కొత్త ఆకులు వేసుకుంటుంది. ఏసీ గాలి పొడిగా నేరుగా తగులుతోంది, అది ఇంకో దెబ్బ. ముందు కొమ్మ మీద గోరుతో కొంచెం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

అసలు నాకు భయం మీ నీళ్ళ గురించి. ఆకులు లేని చెట్టు నీళ్ళు తాగదు, మీరు పోసేదంతా వేళ్ళ దగ్గరే నిలబడిపోతుంది. పొడవాటి వెదురు పుల్ల ఒకటి తీసుకుని కుండీలో అడుగు దాకా గుచ్చి పది నిమిషాలాగి తీయండి, తడి మట్టి అంటుకుని వస్తే ఆ రోజు చుక్క కూడా పోయొద్దు. ఎరువు ఇప్పుడు అస్సలు వద్దు.

మిద్దెతోట వైజాగ్:
ఇంకో మాట, కవర్లోంచి తీసినప్పుడు వేళ్ళ చుట్టూ ఉన్న బంకమట్టి ముద్ద అలాగే పెట్టి చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) నింపారా? అలాగైతే ఒకచోట తడి ఒకచోట పొడి అవుతుంది. నాకు రెండు చెట్లు ఇలాగే పోయాయి. నేనైతే వెంటనే తీసి ఆ మట్టంతా కడిగేసి కొత్త మిక్స్‌లో పెడతా.

కడియపులంక:
ముద్ద సంగతి నిజమే, లారీలో దూరం వెళ్ళాలంటే వేరు కదలకూడదని గట్టి మట్టి ఉంచుతాం. కానీ ఇప్పుడు కడగొద్దండీ, ఆకూ లేక వేరూ తెగితే తట్టుకోలేదు. కుళ్ళిన వాసన వస్తే తప్ప కదపొద్దు. తొలకరి పడి కొత్త చిగుర్లు గట్టిపడ్డాక, జూన్ జూలైలో, అంచుల మట్టి విదిల్చి చుట్టలు చుట్టుకున్న వేళ్ళు కత్తిరించి ఎర్రమట్టి, ఇసుక, కంపోస్ట్ కలిపి పెట్టుకోండి. కోస్తే తెల్లపాలు కారతాయి, చేతికి దురద పెడుతుంది, పాపని దూరంగా ఉంచండి. జడ దగ్గర కట్టిన టేపు, వైరు ఏమైనా ఉండిపోయిందేమో చూసి తీసేయండి, కాండం లావయ్యేకొద్దీ కోసుకుపోతుంది.

మిద్దెతోట వైజాగ్:
సరే, అది ఒప్పుకుంటా, కడగడం తర్వాతే. మిగిలిన ఆకుల్లో మడతపడినవి ఉంటే విప్పి చూడండి, లోపల నల్లటి సన్న పురుగులుంటే త్రిప్స్. మడత లోపలికి స్ప్రే వెళ్ళదు, ఆ ఆకులు తెంపి కవర్లో కట్టి పారేయాలి. ఆకులు జిగటగా ఉంటే పొలుసు పురుగు, లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి.

మియాపూర్ బాల్కనీ:
గీకి చూశా, పచ్చగానే ఉంది!! పుల్ల మాత్రం అడుగున బురదతో వచ్చింది, కింద ప్లేటులో నీళ్ళు నిలబడే ఉన్నాయి, ఇన్నాళ్ళూ చూసుకోలేదు. ప్లేటు తీసేసి ఏసీకి దూరంగా బాల్కనీ తలుపు పక్కన పెట్టా. ఒక్క డౌట్, కుండీ ఎందుకు, అపార్ట్‌మెంట్ గోడ పక్కన నేలలో నాటేస్తే హాయిగా పెరుగుతుంది కదా అంటున్నారు మావారు.

అనంతపురం పెద్దాయన:
వద్దమ్మా. మర్రి, రావి, మేడి, ఇదీ అన్నీ ఒకే జాతి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూశావా, ఒక్క చెట్టే దాదాపు ఐదెకరాలు పరుచుకుంది, 1989లో గిన్నిస్‌లో కూడా ఎక్కింది. మీది అంతవ్వదు గానీ నేలలో పడితే పెద్ద చెట్టే, వేళ్ళు పైపుల్లోకి, పునాదుల్లోకి పోతాయి. కుండీలోనే ఉంచి రెండేళ్ళకోసారి వేళ్ళు కత్తిరిస్తుంటే మనం చెప్పినంతలో ఉంటుంది.

మియాపూర్ బాల్కనీ:
మూడు వారాలైంది, చెప్పాలని వచ్చా. రెండు సార్లే నీళ్ళు పోశా. ఆకులు రాలడం ఆగింది, ఇవాళ పొద్దున్న కొమ్మల చివర్ల సూదుల్లాంటి చిగుర్లు కనిపించాయి, పాప లెక్కపెడితే పదకొండు. వానలు పడ్డాక మట్టి మార్చేటప్పుడు మళ్ళీ అడుగుతా, మీ ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ.