కొమ్ము బొమ్మల కుర్రాడి ప్రేమ నాటకం: రెండో అంకంలో చిక్కుకుపోయాను, సాయం చేయండి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో, శ్రీకాకుళం సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. దసరాకి మా వీధిలో ఆడ్డానికి ప్రేమ నాటకం ఒకటి రాస్తున్నాను. హీరోది ఇక్కడి కొమ్ము బొమ్మల పని. కొమ్ముని సెగకి పట్టి, మెత్తబడగానే, చల్లారేలోపు కొంగ మెడలా వంచెయ్యాలి. కంపు మాత్రం వీధంతా కొడుతుంది, అది స్టేజీ మీద చూపించలేం లెండి. అతనికి శాంతినికేతన్ కళాభవన్‌లో సీటొస్తుంది. 1919 నుంచి ఉన్న చోటు, ఎలా వదులుకుంటాడు? అమ్మాయి ఇక్కడే పిల్లలకి తెలుగు చెప్పే టీచరు, ఊరు వదిలి రాదు.

చిక్కంతా రెండో అంకంలోనే. "నువ్వెల్లిపోతే నానేటైపోవాలి?" అని ఏడిపిస్తే పాత సినిమాలా ఉంది. ఆమెకీ సొంత పట్టుదల ఒకటి ఉండాలి. ఏం పెడితే బాగుంటుంది? నాకైతే అతన్ని నౌపడ వెళ్లే రైలు ఎక్కించేసి తెర దించెయ్యాలనుంది. మా కుర్రాళ్లేమో పెళ్లి చెయ్యాల్సిందే అంటున్నారు.

కళాభవన్‌లో శిల్పం నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడ రోజు ఎలా గడుస్తుందో రెండు ముక్కలు చెప్పండి. అన్నట్టు, మధ్యలో ఒడియా డైలాగులు పెడితే శ్రీకాకుళం వైపు జనానికి ఎక్కుతాయా?