ఏస్ బండి మీద పడకగది: ఇనుమా, ఫోమా?

నాగావళి ఒడ్డు: పాత టాటా ఏస్ ఉంది. తొట్టెలో ఇద్దరు పడుకునేలా గది నేనే కట్టుకోవాలని ఉంది. శ్రీకాకుళం నుంచి బారువ తీరానికి, అప్పుడప్పుడు ఎస్.కోట మీదుగా అరకుకు వెళ్తాం. తేలికగా ఉండాలి, ఏళ్ళ తరబడి నిలవాలి. దేనితో కట్టాలి?

బొబ్బిలి వెల్డింగ్: జీఐ (జింకు పూత వేసిన ఇనుము) గొట్టాల చట్రం, పైన రేకు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

పలాస జీడి: మిల్లీమీటరు మందం రేకే చదరపు మీటరుకు దాదాపు 8 కిలోలు. చట్రం, లోపలి ప్లైవుడ్డు అదనం. అంత బరువు ఎత్తులో ఉంటే అనంతగిరి మలుపుల్లో బండి ఒరుగుతుంది. 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఫోమ్ (థర్మోకోల్ జాతిదే, ఇంకా గట్టిది) పలక చదరపు మీటరుకు కిలో కూడా తూగదు. రెండు వైపులా ఫైబర్ గుడ్డ పరిచి రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పట్టిస్తే గట్టి గోడ అవుతుంది. బలం ఫోమ్‌ది కాదు, ఆ రెండు పొరలది. వాటిని ఎడంగా పట్టి ఉంచడమే ఫోమ్ పని.

బొబ్బిలి వెల్డింగ్: థర్మోకోల్ ఇంట్లో పడుకుంటారా? రెసిన్ పోయగానే అది కరిగిపోవడం కళ్ళారా చూశాను.

పలాస జీడి: పాలియెస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం కరిగిస్తుంది. ఎపాక్సీ రెసిన్ కరిగించదు.

బొబ్బిలి వెల్డింగ్: కరుగుతుందని మీరే ఒప్పుకున్నారు!

వంశధార: బండిలో మార్పులు చేయడం గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివి మొదలుపెట్టండి.

పలాస జీడి: వెల్డు చేసిన చోట జీఐ పూత కాలిపోతుంది. ఉప్పుగాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది. దాని మీద జింకు పెయింటు ఎవరు వేస్తున్నారు?

బొబ్బిలి వెల్డింగ్: నేను వేస్తాను. ఒకాయన నా దగ్గర లెక్క కట్టించుకుని, పని మాత్రం విశాఖలో చేయించుకున్నాడు. తలుపు ఊడితే నా దగ్గరికే వచ్చాడు. ఆ డబ్బు నేటికీ రాలేదు.

పలాస జీడి: మీ బాకీకీ ఈయన గోడకూ సంబంధం ఏమిటండీ?

బొబ్బిలి వెల్డింగ్: ఉంది. రాత్రివేళ టెక్కలి దగ్గర లారీ గీసుకుపోతే మీ ఫోమ్ గోడను అతికేదెవరు? ఇనుమైతే ఏ ఊళ్ళోనైనా నాలాంటివాడు దొరుకుతాడు. చదువుకున్నవాళ్ళు కట్టేసి పోతారు, తరువాత తిప్పలు పడేది మేము.

పలాస జీడి: ఈ మాట మొదటే అడగవలసింది. మన తీరంలో ఫైబర్ పడవకు చిల్లు పడితే మత్స్యకారులు ఒడ్డునే అంచులు పలచగా గీకి, ఫైబర్ మ్యాట్ వేసి రెసిన్ అద్దుతారు. వెల్డింగ్ యంత్రం, కరెంటు అక్కరలేదు.

బొబ్బిలి వెల్డింగ్: అరకులో పడవలున్నాయా?

నాగావళి ఒడ్డు: రెసిన్ డబ్బా వెంట తీసుకెళ్తాను. ఫోమ్‌లో స్క్రూ నిలవదు కదా, తలుపు బందులు దేనికి బిగించాలి?

పలాస జీడి: ఆ మేరకు ఫోమ్ కోసి చెక్క దిమ్మె పెట్టండి.

బొబ్బిలి వెల్డింగ్: స్క్రూ వెంట నీరు దిగితే చెక్క లోలోపలే కుళ్ళుతుంది. పైకి కనిపించదు కూడా.

పలాస జీడి: అది నిజం. రంధ్రం పెద్దది చేసి ఎపాక్సీ నింపండి. గట్టిపడ్డాక దాని మధ్యలో సన్న రంధ్రం చేసి స్క్రూ దించాలి.